స్కాట్లాండ్ తూర్పు తీరంలోని గోల్ఫ్ కోర్సులకు ర్యాంకులు ఇవ్వడం ఎలా?

ముందు ఒకే జాతి కోర్సులను ఎంచుకోండి. సెంట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్, కార్నూస్టీ, మ్యూర్‌ఫీల్డ్, నార్త్ బెర్విక్, రాయల్ డార్నాక్... ఈ ఐదూ సముద్రం పక్కన ఇసుక నేలల్లోని లింక్స్ కోర్సులే. చెట్ల మధ్య ఉండే పార్క్‌ల్యాండ్ కోర్సును వీటితో కలిపితే పోలిక చెడిపోతుంది.

స్లోప్ రేటింగ్ చూసి ర్యాంకు ఇవ్వకండి. అది 55 నుంచి 155 వరకు ఉంటుంది, ప్రామాణిక అంకె 113. ఆరితేరిన ఆటగాడితో పోలిస్తే మామూలు ఆటగాడు ఎంత ఎక్కువ ఇబ్బంది పడతాడో చెబుతుందంతే. కష్టంగా ఉన్న కోర్సల్లా గొప్పది కాదు.

ప్రతి కోర్సులో కనీసం రెండుసార్లు, గాలి దిక్కు మారిన రోజుల్లో ఆడాలి. ఓల్డ్ కోర్స్ దాదాపు ఒకే వైపు వెళ్లి, చివర మలుపు తిరిగి వెనక్కి వస్తుంది. వెళ్లేటప్పుడు ఎదురుగాలి అయితే తిరుగుదారిలో అదే వెనక నుంచి తోస్తుంది. మ్యూర్‌ఫీల్డ్‌లో మొదటి 9 హోల్స్ (ఒక్కో హోల్ అంటే తొలి షాట్ కొట్టే చోటు నుంచి జెండా ఉన్న రంధ్రం దాకా ఉండే భాగం) బయటి అంచున గడియారం తిరిగే దిశలో, మిగతా 9 లోపల ఎదురు దిశలో సాగుతాయి. అందుకే గాలి ఏ వైపు నుంచి తగులుతుందో మాటిమాటికీ మారుతుంది. అమరికలో మా మొదటి ఓటు దీనికే. శీతాకాలంలో చేసిన పోలిక పనికిరాదు. ఆ రోజుల్లో ఓల్డ్ కోర్స్ ఫెయిర్‌వేల (పొట్టిగా కోసిన గడ్డి దారుల) మీద బంతిని చిన్న మ్యాట్‌పై పెట్టి కొట్టాలి.

మార్కులు ఇలా పంచండి: షాట్ల వైవిధ్యం 40, గ్రీన్లు (రంధ్రం, జెండా ఉండే నున్నటి గడ్డి భాగాలు) 25, అమరిక 20, నిర్వహణ 15. పేరుప్రతిష్ఠలకు, క్లబ్‌హౌస్‌కు, ఆ రోజు మీ స్కోరుకు సున్నా.

గ్రీన్ వేగాన్ని, అంటే దాని మీద బంతి ఎంత వేగంగా దొర్లుతుందో దాన్ని, నిర్వహణ కిందే లెక్కించండి, ఎందుకంటే అది గడ్డి కోతను, వానను బట్టి మారుతుంది. గ్రీన్ల మార్కులు వాటి ఆకారానికి. నార్త్ బెర్విక్ 15వ హోల్ 'రెడాన్' దగ్గర కాసేపు ఆగి చూడండి. గ్రీన్ కుడి ముందు భాగం నుంచి ఎడమ వెనక్కి వాలుతుంది, ఎడమ పక్కన లోతైన బంకర్ (ఇసుక గుంట). నేరుగా జెండా మీదికి కొడితే బంతి ఆగడం కష్టం. కుడివైపు కాస్త ముందుగా దించితే నేలే దాన్ని జెండా వైపు నడిపిస్తుంది. నేలను వాడుకునే ఇలాంటి షాట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి.

మర్నాడు ఉదయం స్కోరుకార్డు చూడకుండా హోల్స్‌ను వరసగా గుర్తుచేసుకోండి. 12 కూడా గుర్తుకు రాకపోతే వైవిధ్యం మార్కులు తగ్గించాల్సిందే.

రెండు కోర్సుల మధ్య తేడా 3 మార్కుల లోపే ఉంటే, 10 ఆటలు చేతిలో ఉన్నాయనుకుని వాటిని రెండింటికీ పంచండి. 6 దేనికి దక్కితే అది పైన. 5–5 వస్తే రెండింటికీ ఒకే ర్యాంకు ఇవ్వండి, బలవంతాన విడదీయకండి.