నైట్రిక్ ఆక్సైడ్ పొడి ఇంటికొచ్చిందా? క్యాన్సర్ పేషెంట్‌కి కలిపిచ్చే ముందు ఇవి చూడండి

మా పిన్నికి చెన్నైలో బ్రెస్ట్ క్యాన్సర్‌కి కీమో జరుగుతున్నప్పుడు అడయార్‌లో ఒక గది అద్దెకి తీసుకున్నాం. ఒకరోజు పిన్ని కొడుకు తను జిమ్‌లో వాడే నల్ల డబ్బా పట్టుకొచ్చి, "ఇది తాగితే రక్తం బాగా పారుతుందన్నా, నీరసం పోతుంది, అమ్మకి ఇద్దాం" అన్నాడు. వాడి బాధ నాకు తెలుసు, తల్లి మెట్లెక్కలేకపోతుంటే చూడలేక తెచ్చాడు. పక్క గదుల్లో నెల్లూరు, తిరుపతి నుంచి వచ్చినవాళ్ల ఫోన్లలో కూడా ఇలాంటి మెసేజ్‌లే తిరుగుతుండేవి. అందుకే నేను తెలుసుకున్నది రాస్తున్నాను.

ముందు డబ్బా వెనక్కి తిప్పండి. కండల బొమ్మని వదిలేసి చిన్న అక్షరాలు చదవండి. ఎల్-ఆర్జినిన్, ఎల్-సిట్రులిన్, బీట్‌రూట్ ఎక్స్‌ట్రాక్ట్, వీటిలో ఏదున్నా అది నైట్రిక్ ఆక్సైడ్ పెంచడానికి చేసిన పొడే. అసలు నైట్రిక్ ఆక్సైడ్ ఒక వాయువు, ఒంట్లో పుట్టిన కొద్ది సెకన్లకే కరిగిపోతుంది, దాన్ని డబ్బాలో పెట్టి అమ్మలేరు. అమ్మేది ముడిసరుకు. ఆర్జినిన్‌ని మన కణాలు ఒక ఎంజైమ్‌తో నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చుకుంటాయి, సిట్రులిన్ కిడ్నీల్లో ఆర్జినిన్ అవుతుంది, బీట్‌రూట్‌లో ఉండే నైట్రేట్‌ని నోట్లోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా మారిస్తే దాంట్లోంచి కొంత నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది.

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి ఇది చాలా అవసరమైన వాయువు. రక్తనాళాలని వదులు చేస్తుంది, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ పనిచేసేదీ ఈ దారిలోనే. రక్తనాళాల్లో దీని పాత్రని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ ఇచ్చారు. మెసేజ్‌లు ఇంతవరకే చెబుతాయి.

మనకి కావాల్సింది ఆ తర్వాతిది. గడ్డ పెరగాలంటే దానికి రక్తం కావాలి, కొత్త నాళాలు కావాలి. నైట్రిక్ ఆక్సైడ్ తక్కువ మోతాదులో ఎక్కువ కాలం ఊరుతూ ఉంటే ఆ కొత్త నాళాలు మొలవడానికి సాయపడుతుంది, ఉన్న నాళాలని వెడల్పు చేస్తుంది, క్యాన్సర్ కణాలు పక్క కణజాలంలోకి తోసుకుపోవడానికీ, లింఫ్ నాళాల దారి పట్టడానికీ తోడ్పడుతుంది. అదే వాయువుని మన రోగనిరోధక కణాలు ఒక్కసారిగా పెద్ద మోతాదులో వదిలితే క్యాన్సర్ కణం చచ్చిపోతుంది. ఇంకో మెలిక ఉంది. రక్తంలో ప్లేట్‌లెట్లు క్యాన్సర్ కణం చుట్టూ గుమిగూడి దాన్ని కాపాడతాయి, నైట్రిక్ ఆక్సైడ్ ఆ గుమిగూడటాన్ని తగ్గిస్తుంది, అంటే అక్కడ మళ్లీ మనవైపే. కాబట్టి "నైట్రిక్ ఆక్సైడ్ క్యాన్సర్‌ని చంపుతుంది" అనే మెసేజ్ పూర్తి అబద్ధం కాదు, "పాకిస్తుంది" అనేదీ అంతే. ఎంత, ఎక్కడ, ఎంతసేపు అన్నదాన్ని బట్టి ఉంటుంది, ఆ మూడూ స్పూనుతో కొలిచి ఇచ్చే మన చేతిలో ఉండవు.

కొన్ని బ్రెస్ట్ క్యాన్సర్ గడ్డల్లో, ముఖ్యంగా హార్మోన్ మందులు పనిచేయని ట్రిపుల్ నెగెటివ్ రకంలో, నైట్రిక్ ఆక్సైడ్‌ని తయారుచేసే ఐనాస్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉంటే జబ్బు మొండిగా ఉంటోందని పరిశోధకులు గమనించారు. అందుకే ఆ ఎంజైమ్‌ని ఆపే మందుని కీమోతో కలిపి ఇచ్చి చూశారు. 2021లో వచ్చిన ఫలితాల్లో పేషెంట్లు 35 మందే, కొందరిలో గడ్డ తగ్గింది. ఎంజైమ్‌ని ఆపితే బీపీ పెరుగుతుందని ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర కూడా తోడిచ్చారు. డాక్టర్లు కొన్ని క్యాన్సర్లలో తగ్గించి చూస్తున్నదాన్ని మనం ఇంట్లో పెంచబోతున్నాం, నాకు టెన్షన్ పుట్టించింది ఇదే.

అలాగని నైట్రేట్ ఉంటుందని పాలకూర పప్పు మానేయకండి. కూరలో తినే బీట్‌రూట్ క్యాన్సర్‌ని పాకిస్తుందని ఎవరూ రుజువు చేయలేదు, పిన్ని బీట్‌రూట్ వేపుడు తింటూనే ఉంది. పచ్చి రసం మాత్రం తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయిన రోజుల్లో వద్దు, ఇన్ఫెక్షన్ భయం. మాకు ఇంకోటి కూడా ఎదురైంది. ఎర్ర రంగు కీమో మందు, అంటే డాక్సోరుబిసిన్, ఎక్కించిన మర్నాడు పిన్నికి మూత్రం ఎర్రగా వచ్చింది. ఆ మందుకి ఒకట్రెండు రోజులు అలా రావడం మామూలే, కానీ ముందురోజు రాత్రి పెద్ద గ్లాసుడు బీట్‌రూట్ రసం కూడా తాగించాం. మందు వల్లా, బీట్‌రూట్ వల్లా, రక్తమేమైనా పడుతోందా? పొద్దున ఆరింటికి బాత్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి మాకేం అర్థం కాలేదు. కీమోకి అటూ ఇటూ రెండ్రోజులు ఆ రసం ఆపేస్తే ఈ గందరగోళం ఉండదు.

డాక్టర్‌ని అడిగేటప్పుడు "పౌడర్ ఇవ్వొచ్చా" అంటే సరిపోదు. డబ్బా వెనకవైపు ఫోటో తీసి ప్రింట్ చేయించి ఫైల్లో పెట్టండి. పేషెంట్ వేసుకునే బీపీ మాత్రలు, సార్బిట్రేట్, మగవాళ్లయితే సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటివి, అన్నీ దానికిందే రాయండి, ఎందుకంటే ఇవన్నీ కలిస్తే బీపీ దబ్బున పడిపోవచ్చు. సార్బిట్రేట్ మాత్రం భయపడి మీ అంతట మీరు ఆపకండి, అది గుండెకి రాసిన మందు. పొడి ఇప్పటికే పది రోజులు ఇచ్చి ఉంటే ఆ మాట కూడా చెప్పేయండి, తిడతారని దాచొద్దు. మా డాక్టర్ ఫోటో అర నిమిషం చూసి, కీమో అయ్యేదాకా వద్దన్నారు.

డబ్బా తెచ్చినవాళ్లని కసురుకోవద్దు. ఏదో ఒకటి చేయాలన్న ఆరాటం కదా, దానికి వేరే పని చూపించండి. మావాడికి థర్మామీటర్ ఇచ్చి, రాత్రి పదికి, తెల్లవారుజామున నాలుగుకి అమ్మ జ్వరం చూసి నోట్‌బుక్‌లో రాయమన్నాను. కీమో రోజుల్లో 100.4 ఫారన్‌హీట్ చేరితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోన్ చేయాలి, ఆ నంబర్ నోట్‌బుక్ అట్ట మీద పెద్దగా వాడే రాసుకున్నాడు.