తమ్ముడి లిథియం నోటుబుక్కులో ఏమేం రాస్తాం

మా తమ్ముడు తిరుపతిలో టైలరు. బైపోలార్‌కు, అంటే హుషారూ దిగులూ హద్దు మీరి వచ్చిపోయే జబ్బుకు, రాత్రి పూట లిథియం మాత్ర వేసుకుంటాడు. సైడ్ ఎఫెక్టులు కనిపెట్టడానికి మా ఇంట్లో ఉన్నవి సూది, దారం, కొలత టేపు, ఒక రూళ్ల నోటుబుక్కు. డాక్టరుకు వాడు కనిపించేది ఎప్పుడో ఒకసారి, అదీ పది నిమిషాలు. మిగతా రోజులన్నీ వాణ్ని చూసేది మేమే కాబట్టి, చూసింది రాసి డాక్టరు ముందు పెడతాం. డోసు పెంచడం, తగ్గించడం, ఆపడం మాత్రం ఈ నోటుబుక్కు పని కాదు.

మొదటి పేజీలో మందు మొదలుపెట్టకముందు మనిషి ఎట్లుండేవాడో ఉండాలి. బరువు, నడుము కొలత, రాత్రి ఎన్నిసార్లు ఒంటేలుకు లేస్తాడు, ఎన్ని గంటలు నిద్రపోతాడు, చేతులు వణుకుతాయా, మలబద్ధకం ఉందా. ఇది రాసిపెట్టుకోకపోతే తర్వాత వచ్చే ప్రతి నలతనూ మందు మీదికే తోసేస్తారు. క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), కాల్షియం మొదటి రిపోర్టులు కూడా ఆ పేజీకే పిన్ను కొట్టుకోండి. ఇప్పటికే మందు వాడుతున్నవాళ్లు ఈ రోజునే మొదటి రోజు అనుకుని రాయొచ్చు.

వణుకు చూడ్డానికి మావాడికి సూదే చాలు. పొద్దున అంగడి తెరవగానే సూదిలో దారం ఎక్కించేటప్పుడు తెలిసిపోతుంది. కుట్టుపని లేనివాళ్లు తెల్లకాగితం మీద జిలేబీ చుట్టలా ఒక గీత గీసి తేదీ వేసుకోండి. సన్నటి వణుకు లిథియంతో చాలామందికి ఉంటుంది, టీ కాఫీలు ఎక్కువైతే పెరుగుతుంది. అలాగని ఉన్నట్టుండి కాఫీ మానేయడమూ మంచిది కాదు, రక్తంలో లిథియం పెరుగుతుంది. సన్న వణుకు కాస్తా గ్లాసు పట్టుకుంటే నీళ్లు తొణికేటంత అయితే మాత్రం ఇక రాసుకుంటూ కూర్చోకూడదు. ఆ సంగతి కింద చెప్తాను.

దాహం, ఒంటేలు కూడా ఎక్కువవుతాయి. "రాత్రిళ్లు లేస్తున్నావు గదరా, నీళ్లు తగ్గించు" అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. అననివ్వకండి. ఒంట్లో నీళ్లూ ఉప్పూ తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టేసుకుంటాయి, రక్తంలో అది పెరిగిపోతుంది. మన ఊళ్లో అసలు కష్టం ఇక్కడే. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, గంగజాతర కూడా అప్పుడే. శనివారం ఉపవాసాలు, ఏకాదశులు, అలిపిరి మెట్లెక్కే మొక్కులు ఉండనే ఉన్నాయి. మొక్కు మానుకోమని నేను చెప్పను. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం మాత్రం లిథియం వాడేవాళ్లకు వద్దు. మెట్లు చల్లపూట ఎక్కాలి, దారిలో నీళ్లు తాగుతూ పోవాలి. ఇంట్లో రోజూ తినే ఉప్పును ఒక్కసారిగా తగ్గించకండి, పెంచకండి. సంగటిలోకి ఉప్పేసిన మజ్జిగ ఎప్పుడూ తాగేవాడైతే తాగనివ్వండి. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేసి తర్వాతి మాత్ర వెయ్యాలా ఆపాలా అడగాలి.

నొప్పి మాత్రల గురించి గట్టిగానే చెప్తాను. రోజంతా మిషను మీద వంగేవాడికి నడుము నొప్పి రాక తప్పదు. మెడికల్ షాపులో అడిగితే డైక్లోఫెనాకో, ఏసిక్లోఫెనాకో, ఇబుప్రొఫెనో చేతిలో పెడతారు. మూడూ లిథియాన్ని పెంచేవే. మామూలు నొప్పికి పారాసిటమాల్ నయం. బీపీ మాత్రల్లోనూ టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, హైడ్రోక్లోరోథయజైడ్ ఇట్లాంటివే. బీపీ చూసే డాక్టరుకు లిథియం సంగతి, లిథియం రాసే డాక్టరుకు బీపీ మాత్ర పేరు తెలియాలి. వాళ్లిద్దరూ మాట్లాడుకుంటారని అనుకోకండి, రెండు చీటీలూ మీరే పట్టుకుపోండి.

లిథియం లెవెల్ పరీక్షకు, అంటే రక్తంలో లిథియం ఎంతుందో చూసేదానికి, వేళ ముఖ్యం. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. రాత్రి 9కి వేసుకుంటే పొద్దున 9కి. పొద్దున డోసు కూడా ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. దీనికి పరగడుపున పోనక్కర్లేదు, కానీ షుగరు, కొవ్వు పరీక్షలు కూడా అదే రోజు ఉంటే తినకుండా పోవాలి, నీళ్లు తాగొచ్చు. ఇంకొకటి, ల్యాబుల్లో ఆకుపచ్చ మూత ట్యూబుల్లో కొన్నిటికి లిథియం హెపారిన్ పూత ఉంటుంది. అందులో తీస్తే లెవెల్ లేనంత ఎక్కువ చూపిస్తుంది. "లిథియం పరీక్ష బాబూ, ఆ ట్యూబు వద్దు" అని చెప్పడానికి మొహమాటపడకండి.

లెవెల్‌ను మామూలుగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు, ఎవరికి ఎంతన్నది డాక్టరు చెప్తారు. 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం. ముసలివాళ్లకు అంతకంటే తక్కువలోనూ కావచ్చు. డోసు మారిన వారానికి ఒకసారి, అంతా కుదురుకున్నాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి లెవెల్ చూస్తారు. క్రియాటినిన్, టీఎస్‌హెచ్, కాల్షియం ఆరు నెలలకోసారి. మాత్ర కంపెనీ మారినా రాసుకోండి, మందు ఒంటికి పట్టే తీరులో తేడా రావచ్చు. ఎస్ఆర్ (మందును మెల్లమెల్లగా వదిలేది) అని ఉన్న మాత్రను నూరకూడదు, నమలకూడదు. ఒక డోసు మరిచిపోతే రెండో పూట రెండు కలిపి వేసుకోకూడదు.

లిథియంతో థైరాయిడ్ పని తగ్గవచ్చు. అది తగ్గితే మనిషి మందకొడిగా అవుతాడు, బరువెక్కుతాడు, మాట్లాడబుద్ధి కాదంటాడు. చూసినవాళ్లు డిప్రెషన్ తిరగబెట్టిందనుకుంటారు. మే నెలలో తిరుపతిలో ఎవరైనా చలిగా ఉంది ఫ్యాను ఆపమన్నారంటే టీఎస్‌హెచ్ గుర్తు తెచ్చుకోండి.

బైపోలార్‌కు వేరే మందులు వాడేవాళ్లకు నాలుగు మాటలు. వాల్‌ప్రోయేట్ అయితే లివర్ పరీక్ష, ప్లేట్‌లెట్లు, బరువు, జుట్టు ఊడటం చూడాలి. కడుపులో ఉండే బిడ్డకు అది చాలా చేటు చేస్తుంది. పెళ్లి సంబంధాలు చూస్తున్న ఆడపిల్లకు అది రాసి ఉంటే ముహూర్తం పెట్టకముందే డాక్టరుతో మాట్లాడండి, దాచి పెళ్లి చెయ్యకండి. కార్బమజెపిన్‌తో సోడియం పడిపోవచ్చు, రక్తకణాలు తగ్గవచ్చు, ఒంటి మీద దద్దు రావచ్చు. లామోట్రిజిన్ మొదటి రెండు నెలల్లో ఒంటి మీద దద్దు లేచినా, నోట్లో పుండ్లు పడినా, కళ్లు ఎర్రబడినా చెమటకాయలని పౌడరు పూసి ఊరుకోకుండా అదే రోజు చూపించాలి. అది నాలుగైదు రోజులు మానేస్తే పాత డోసుతో మళ్లీ మొదలుపెట్టకూడదు, డాక్టరును అడగాలి. ఓలాంజపిన్, క్వెటియాపిన్ వాడేవాళ్లు షుగరు, కొవ్వు, నడుము కొలత వదలొద్దు. 60 కిలోల మనిషి మూడు నెలల్లో 3 కిలోలు పెరిగితే చెప్పాల్సిన విషయమే.

ఇప్పుడు ఆగకూడని సంగతి, లిథియం విషమైనప్పటి గుర్తులు. పెద్ద వణుకు, ఆగని వాంతులు విరేచనాలు, తూలడం, మాట ముద్దగా రావడం, మనుషుల్ని పోల్చుకోలేక తికమకపడటం, మత్తు, ఫిట్స్. ఇవి కనబడితే తర్వాతి మాత్ర వెయ్యకుండా 108కి ఫోన్ చెయ్యండి, లేకపోతే రుయా ఆసుపత్రికో దగ్గరలో ఉన్న ఎమర్జెన్సీకో తీసుకెళ్లండి. మాత్రల అట్టలు వెంట ఉండాలి. చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నాడో మొదటి మాటగా చెప్పాలి. తూలుతున్నాడు గదా అని తాగొచ్చాడని అనుకుని పడుకోబెట్టేవాళ్లు ఉంటారు.

అంత ముదరని ఇబ్బందుల కోసం మందు ఒక్కసారిగా మానేస్తే మేనియా (హద్దు మీరిన హుషారు) తిరగబెట్టే ప్రమాదం ఉంది. డాక్టరు దొరకక దిగులుగా ఉంటే సర్కారు వారి మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416కి ఏ వేళైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

"అక్కా, నన్ను సీఐడీ మాదిరి చూడొద్దు" అన్నాడు మావాడు. న్యాయమే. అందుకని నోటుబుక్కు వాడే రాస్తాడు, ఆదివారం ఇద్దరం కలిసి చదువుతాం. ఆసుపత్రికి పోయే ముందు మాత్రం అన్నీ కలిపి ఒక్క పేజీకి కుదిస్తాను: ఏం మారింది, ఎప్పటి నుంచి, ఏ పనికి అడ్డం వస్తోంది. వాడి పర్సులో ఇంకో చీటీ ఉంటుంది. దాని మీద లిథియం డోసు, నా ఫోన్ నంబరు, "నడుము నొప్పికి డైక్లోఫెనాక్ ఇవ్వొద్దు".