డ్రైవ్ తిరగగానే రీడింగ్ ఊగుతోందా? కంట్రోల్ ప్యానెల్ నాయిస్: సమస్య - పరిష్కారం

సమస్య: పంపును నడిపే మోటారు ఆగి ఉన్నంతసేపు, పైపులో ప్రెషర్ కొలిచే ట్రాన్స్‌మిటర్ పంపే 4-20 మిల్లీఆంపియర్ల సిగ్నల్ నిలకడగా ఉంటుంది, మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్ అయిన వీఎఫ్‌డీకి రన్ కమాండ్ ఇవ్వగానే ప్యానెల్‌లోని కంట్రోలర్ అయిన పీఎల్‌సీలో అంకెలు ఊగుతాయి. చాలాచోట్ల ముందుగా ట్రాన్స్‌మిటర్‌నే మారుస్తారు, ఫలితం ఉండదు. అంతకన్నా ముందు పైపు మీది గేజ్‌ను చూడాలి. దాని ముల్లు కూడా ఊగుతుంటే అది నాయిస్ (సిగ్నల్‌లో చొరబడే విద్యుత్ అలజడి) కాదు, ప్రెషరే మారుతోంది.

నిర్ధారణ: పీఎల్‌సీ టెర్మినల్ దగ్గర ట్రాన్స్‌మిటర్ నుంచి వచ్చే ఫీల్డ్ వైర్లు విప్పి, కావలసినంత కరెంటును ఇచ్చే లూప్ క్యాలిబ్రేటర్‌తో 12 మిల్లీఆంపియర్లు ఇచ్చి డ్రైవ్‌ను నడపాలి, పంపు ఆటోలో ఉంటే దాన్ని మాన్యువల్‌కు మార్చాకే ఈ పని చేయాలి. రీడింగ్ 50 శాతం వద్ద కదలకుండా నిలిస్తే నాయిస్ ఫీల్డ్ కేబుల్ ద్వారా వస్తున్నట్టు. అప్పటికీ ఊగితే ప్యానెల్ లోపలి వైరింగ్‌నో, 24 వోల్టుల సప్లైనో, ఎర్తింగ్‌నో అనుమానించాలి.

కారణం: డ్రైవ్‌లోని ఐజీబీటీలు అనే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు సెకనుకు వేలసార్లు స్విచ్ అవుతాయి. వోల్టేజి ఎగిసిన ప్రతిసారీ మోటారు కేబుల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఉండే కెపాసిటెన్స్ గుండా కొంత కరెంటు జారిపోతుంది. అది డ్రైవ్‌కు తిరిగి చేరాల్సిందే కనుక, దగ్గరి దారి లేకపోతే కేబుల్ ట్రే మీదుగానో, సిగ్నల్ కేబుల్ చుట్టూ ఉండే లోహపు షీల్డ్ మీదుగానో వస్తుంది. మల్టీమీటర్‌లో సున్నా ఓమ్‌లు చూపించే పొడవాటి ఎర్త్ వైరు సైతం ఈ హై ఫ్రీక్వెన్సీ కరెంటుకు పెద్ద అడ్డంకే.

పరిష్కారం: సప్లై ఆపి, డ్రైవ్ మీద రాసి ఉన్నంత సమయం ఆగి, డ్రైవ్ లోపల చార్జి నిలిచి ఉండే డీసీ బస్‌లో వోల్టేజి లేదని కొలిచిన తరువాతే చేయి పెట్టాలి. మోటారుకు షీల్డ్ ఉన్న కేబుల్ వేసి, ఆ షీల్డ్‌ను ప్యానెల్ వైపు లోహపు క్లాంపుతో చుట్టూ బిగించాలి. మోటారు వైపు షీల్డ్‌ను చుట్టూ పట్టుకునే ఈఎంసీ గ్లాండ్ వాడాలి. షీల్డ్‌ను జడలా మెలిపెట్టి లగ్ వేస్తే దాని ప్రయోజనం చాలావరకు పోతుంది. క్లాంపు కింద పెయింట్ గీకేయాలి. సిగ్నల్‌కు షీల్డ్ ఉన్న ట్విస్టెడ్ పెయిర్ వాడి, ఆ షీల్డ్‌ను సాధారణంగా ప్యానెల్ వైపు మాత్రమే ఎర్త్ చేయాలి. మోటారు కేబుల్‌కూ దీనికీ కనీసం 200 మిల్లీమీటర్ల ఎడం ఉంచి, దాటక తప్పనిచోట లంబకోణంలో దాటించాలి.

కాంటాక్టర్ (కాయిల్‌తో పనిచేసే పెద్ద స్విచ్) వదిలిన క్షణంలోనే రీడింగ్ ఎగిరితే అది వేరే సమస్య. కాయిల్ ఆగినప్పుడు ఎగిసే వోల్టేజిని అణచడానికి ఏసీ కాయిల్‌కు ఆర్‌సీ స్నబ్బర్, డీసీ కాయిల్‌కు ఫ్రీవీలింగ్ డయోడ్‌ను కాయిల్ టెర్మినళ్ల మీదే పెట్టాలి. డయోడ్ వల్ల కాంటాక్టర్ వదలడం కొంత ఆలస్యమవుతుంది కాబట్టి బ్రేక్ సర్క్యూట్‌లో ఆలోచించి వాడాలి.

నాయిస్ ఇంకా కొంత మిగిలితే, ఐజీబీటీలు స్విచ్ అయ్యే క్యారియర్ ఫ్రీక్వెన్సీని 8 నుంచి 4 కిలోహెర్ట్జ్‌కు తగ్గించవచ్చు, మోటారు కూత మాత్రం పెరుగుతుంది. పీఎల్‌సీ ప్రోగ్రాంలో ఫిల్టర్ పెట్టడం అన్నిటికన్నా సులువు, అందుకే చాలామంది దానివైపే మొగ్గుతారు. అయితే ఫిల్టర్ సమయం పెంచేకొద్దీ పంపు వేగాన్ని సర్దే పీఐడీకి అసలు ప్రెషర్ ఆలస్యంగా తెలిసి, అంకెలకు బదులు పంపు వేగమే ఊగడం మొదలవుతుంది.