కొత్త ఫుట్‌బాల్ జట్టు వచ్చింది: ఆటగాళ్ల పరిచయాలు రాయడం ఎలా?

పాత జట్టు ఆటగాడి గురించి రాయడం సులువు. పేరు చెప్పగానే అభిమానికి సగం కథ గుర్తొస్తుంది, మిగతా సగం మనం చెబితే చాలు. కొత్త జట్టు సంగతి అలా కాదు. పెళ్లికి ముందు రోజు రెండు వైపుల చుట్టాలూ ఒకే విడిదిలో దిగినట్టు ఉంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో ఎవరికీ తెలియదు. అభిమానులకే కాదు, ఆటగాళ్లకూ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో చివరిగా చేరిన కొత్త జట్టు హ్యూస్టన్ టెక్సన్స్. అంతకుముందు హ్యూస్టన్‌లో ఉన్న ఆయిలర్స్ జట్టు 1996 సీజన్ అయ్యాక టెన్నెసీకి తరలిపోయింది. అయిదు సీజన్ల పాటు హ్యూస్టన్ నగరానికి సొంత జట్టు లేదు. 2002లో టెక్సన్స్ 32వ జట్టుగా మైదానంలోకి దిగింది. అలాంటి జట్టుకు ఆటగాళ్ల పరిచయాలు రాయమని మీకు ఎవరైనా అప్పజెబితే ఎక్కడ మొదలుపెట్టాలి? టెక్సన్స్ తొలి ఏడాదినే పట్టుకుని చూద్దాం. ఆ ఆటగాళ్లు తర్వాత ఏమయ్యారో ఇప్పుడు మనకు తెలుసు కాబట్టి, మన రాతలో ఎక్కడ తప్పులు దొర్లేవో కూడా తెలిసిపోతుంది.

మొదట జాబితా, దాని మీద తేదీ

కలం పట్టకముందే జాబితా సంపాదించండి. పేరు, స్థానం, చొక్కా నంబరు, ఎత్తు, బరువు, కాలేజీ, జట్టులోకి వచ్చిన దారి. ఆ చివరి గడిని చాలామంది వదిలేస్తారు. కొత్త జట్టు విషయంలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

జాబితా పైన తేదీ వేయడం మరవద్దు. ఇప్పటి నిబంధనల ప్రకారం వేసవి శిబిరానికి 90 మంది దాకా వస్తారు, సీజన్ మొదలయ్యేసరికి 53 మందే మిగులుతారు. 90 మందికీ పెద్ద పరిచయాలు రాసుకుంటే అందులో మూడో వంతు కంటే ఎక్కువ బుట్టదాఖలే. శిబిరం దశలో ఒక్కొక్కరికి మూడు వాక్యాలు చాలు. చివరి కోత అయ్యాక వాటినే పెంచుకోవచ్చు.

తేదీ ఎందుకంటే, డానీ వర్ఫెల్ సంగతి చూడండి. కాలేజీ ఆటలో అత్యున్నత పురస్కారమైన హైస్మన్ ట్రోఫీని 1996లో గెలిచిన క్వార్టర్‌బ్యాక్. టెక్సన్స్ అతన్ని తీసుకుంది, వెంటనే వాషింగ్టన్ జట్టుకు ఇచ్చేసింది. హ్యూస్టన్ తరఫున అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అంత పేరున్న ఆటగాడని ఎవరైనా ముందుగానే రెండు పేజీలు రాసిపెట్టుకుని ఉంటే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఏ దారిన వచ్చాడు?

కొత్త జట్టులోకి ఆటగాళ్లు ప్రధానంగా మూడు దారుల్లో వస్తారు. ఇది వేలం పాట కాదు, పద్ధతి వేరు. మొదటిది ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్. పాత జట్లు తాము వదులుకోవడానికి సిద్ధపడిన కొందరి పేర్లు ఇస్తాయి, కొత్త జట్టు వారిలోంచి ఏరుకుంటుంది. 2002 ఫిబ్రవరి 18న అప్పటి 31 జట్లూ తలా అయిదుగురి పేర్లు ఇచ్చాయి. టెక్సన్స్ 19 మందిని ఎంచుకుంది. రెండోది ఏప్రిల్‌లో జరిగే మామూలు డ్రాఫ్ట్, అంటే కాలేజీ నుంచి వచ్చే కుర్రాళ్ల ఎంపిక. మూడోది ఒప్పందం ముగిసినవారినో, వేరే జట్లు తప్పించినవారినో పిలిచి చేర్చుకోవడం.

మొదటి దారిలో వచ్చినవారి గురించి రాసేటప్పుడు ఒక పొరపాటు పొంచి ఉంటుంది. ‘పాత జట్టు వదిలేసింది’ అని రాసి ఊరుకుంటే, పనికిరానివాడు కాబోలని చదివేవారు అనుకుంటారు. ఎందుకు వదిలేసిందో కనుక్కుని రాయండి. ఎన్ఎఫ్ఎల్‌లో జట్టు మొత్తం జీతాలకు ఒక గరిష్ఠ పరిమితి ఉంది. జాక్సన్‌విల్ జాగ్వార్స్ అప్పట్లో ఆ పరిమితితో సతమతమవుతోంది. అందుకే మంచి మంచి ఆటగాళ్లను కూడా వదులుకుంది. ఆ జట్టు నుంచి ముగ్గురు, న్యూయార్క్ జెట్స్ నుంచి ముగ్గురు హ్యూస్టన్ చేరారు. వారిలో గ్యారీ వాకర్, ఆరన్ గ్లెన్ అదే ఏడాది లీగ్ తారల మ్యాచ్ ప్రోబౌల్‌కు ఎంపికయ్యారు. వదిలేసిన సరుకు అని రాసినవారెవరైనా ఉంటే డిసెంబరుకల్లా తలదించుకోవలసి వచ్చేది.

అతని పనేమిటో తెలుగులో చెప్పండి

స్థానం పేరు రాసి వదిలేస్తే మన పాఠకుల్లో సగం మంది అక్కడే ఆగిపోతారు. క్వార్టర్‌బ్యాక్ అనే మాటను మార్చనక్కరలేదు, అలాగే ఉంచండి. కానీ మొదటిసారి వచ్చినప్పుడు ఒక్క వాక్యంలో పని చెప్పండి. దాదాపు ప్రతి ఎత్తుగడలోనూ బంతి ముందుగా చేతికి వచ్చేది, దాన్ని ఎవరికి విసరాలో రెండు మూడు సెకన్లలో తేల్చుకునేది క్వార్టర్‌బ్యాక్. కార్నర్‌బ్యాక్ అంటే, బంతి అందుకోవడానికి పరుగెత్తే ప్రత్యర్థిని నీడలా వెంటాడేవాడు. లెఫ్ట్ టాకిల్ అంటే క్వార్టర్‌బ్యాక్ వీపుకు కాపలా. కుడిచేత్తో విసిరేవాడు బంతి విసరడానికి తిరిగినప్పుడు ఎడమవైపు నుంచి ఎవరు దూసుకొస్తున్నారో అతనికి కనబడదు. అక్కడ నిలబడి ఆపే మనిషి లెఫ్ట్ టాకిల్.

ఈ ఆఖరి మాట తెలిస్తేనే టెక్సన్స్ తొలి రెండు ఎంపికల మర్మం అర్థమవుతుంది. ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్‌లో మొట్టమొదట తీసుకున్నది టోనీ బోసెల్లి అనే లెఫ్ట్ టాకిల్‌ను. ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక ఫ్రెస్నో స్టేట్ క్వార్టర్‌బ్యాక్ డేవిడ్ కార్. ముందు కాపలాదారును కుదుర్చుకుని తర్వాత నిధిని తెచ్చుకోవాలనుకున్నారన్నమాట. ఇద్దరి పరిచయాలనూ విడివిడిగా రాస్తే ఈ సంబంధం తెగిపోతుంది. కొత్త జట్టు గురించి రాసేవారు పట్టుకోవలసిన సూత్రం ఇదే అని నా అభిప్రాయం: ఒకరి పరిచయంలో ఇంకొకరి పేరు రావాలి. వాళ్లు ఇంకా జట్టు కాలేదు. ఎవరి మీద ఎవరు ఆధారపడబోతున్నారో చెప్పడమే మన పని.

అంకెలను నమ్మండి, కానీ ఒంటరిగా వదలకండి

ఎత్తు, బరువులు అమెరికాలో అడుగులు, పౌండ్లలో ఇస్తారు. అడుగులు మనకూ అలవాటే. పౌండ్లను మాత్రం కిలోలకు మార్చండి, 300 పౌండ్లంటే 136 కిలోలు. 40 గజాల పరుగు అంటే దాదాపు 36.6 మీటర్లు. మైదానం కొలతను మాత్రం గజాల్లోనే ఉంచండి, ఆట మొత్తం ఆ లెక్క మీదే నడుస్తుంది.

గణాంకాల దగ్గర అసలు చిక్కు ఉంది. తొలి సీజన్‌లో డేవిడ్ కార్‌ను బంతి విసరకముందే ప్రత్యర్థులు 76 సార్లు కింద పడేశారు. ఎన్ఎఫ్ఎల్‌లో ఒక సీజన్‌కు అది రికార్డు. ఈ ఒక్క అంకె ఇచ్చి ఊరుకుంటే అతను చేతకానివాడు అనిపిస్తుంది. దాని పక్కనే మరో రెండు వాక్యాలు ఉండాలి. బోసెల్లి భుజం గాయాలతో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. అన్నిసార్లు పడినా కార్ 16 మ్యాచుల్లోనూ మొదటి నుంచీ బరిలో నిలిచాడు. ఇప్పుడు అదే అంకె వేరే కథ చెబుతుంది.

దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణా ఉంది. 2002 డిసెంబరు 8న పిట్స్‌బర్గ్‌లో టెక్సన్స్ బంతితో ముందుకు జరిగింది మొత్తం మీద 47 గజాలే. ప్రత్యర్థి స్టీలర్స్ నాలుగు వందల గజాలకు పైగా సాధించింది. అయినా 24–6తో గెలిచింది టెక్సన్స్! ప్రత్యర్థి విసిరిన బంతులను ఆరన్ గ్లెన్ రెండుసార్లు మధ్యలో అందుకుని, రెండుసార్లూ గోల్ గీత దాకా పరుగెత్తాడు. గజాల పట్టికలో ఈ మ్యాచ్ పరమ చెత్త ప్రదర్శన. గ్లెన్ పరిచయంలో మాత్రం దీన్నే మొదటి వాక్యం చేయాలి.

మనిషి ఎక్కడ దొరుకుతాడు?

చొక్కా లోపలి మనిషి పట్టికలో దొరకడు. అడగాలి. జట్టు ప్రచురించే మీడియా గైడు, కాలేజీ క్రీడా విభాగం విడుదల చేసే సమాచారం, ఊరి పత్రిక పాత సంచికలు, ఆ తర్వాత వీలైతే ఆటగాడే. అడిగేటప్పుడు ‘మీ ఆదర్శం ఎవరు’ లాంటి ప్రశ్నల వల్ల ఒరిగేదేమీ ఉండదు, వందమందీ ఒకే జవాబు చెబుతారు. ‘ఈ ఆట ఆడకపోయి ఉంటే ఇప్పుడు ఏం చేస్తూ ఉండేవారు’ అని అడిగి చూడండి.

ఈ ప్రశ్న చెస్టర్ పిట్స్‌ను అడిగినవారికి పంట పండినట్టే. అతను 2002 డ్రాఫ్ట్ రెండో రౌండులో, మొత్తం మీద 50వ ఎంపికగా వచ్చిన లైన్‌మన్, అంటే ముందు వరసలో నిలబడి ప్రత్యర్థులను అడ్డుకునేవాడు. హైస్కూల్లో ఫుట్‌బాల్ ముట్టుకోలేదు. అతను చదివిన గణిత, విజ్ఞాన శాస్త్రాల బడికి ఫుట్‌బాల్ జట్టే లేదు. ఓబో వాయించేవాడు, అంటే మన నాదస్వరంలాగా పీక పెట్టి ఊదే పాశ్చాత్య వాద్యం. కిరాణా దుకాణంలో సరుకులు సంచుల్లో సర్దుతూ ఉండగా శాన్ డియేగో స్టేట్ ఆటగాడు ఎఫ్రయిమ్ సలామ్ కంటపడ్డాడు. ఇంత భారీ మనిషి ఫుట్‌బాల్ ఆడటం లేదేమిటని సలామ్ ఆశ్చర్యపోయాడు. అక్కడి నుంచే అతని ఆట మొదలైంది. కొన్నేళ్లకు ఆ ఇద్దరూ టెక్సన్స్‌లో ఒకే లైనులో ఆడారు. 2008 ఫిబ్రవరిలో లీగ్ ఫైనల్ మ్యాచ్ సూపర్‌బౌల్ మధ్యలో వచ్చిన ఎన్ఎఫ్ఎల్ ప్రకటన ఈ కథను దేశమంతటికీ చెప్పింది. పిట్స్ జట్టులోకి వచ్చింది మాత్రం ఆరేళ్ల ముందే.

ఇలాంటి కథ దొరికితే రెండు చోట్ల సరిచూసుకోండి, రంగులు పూయకండి. ఓబో అన్నది నిజం కాబట్టే అందంగా ఉంది. దానికి ‘సంగీత విద్వాంసుడు’ అని బిరుదు తగిలిస్తే కథ చచ్చిపోతుంది.

కుటుంబం విషయంలో చేయి బిగించి రాయాలి. భార్య, పిల్లలు, ఇంటి చిరునామా, చిన్నపిల్లల బడి ఇవేవీ మనకు అక్కరలేదు. దీనికి తమాషా అయిన మినహాయింపు చరిత్రలోనే ఉంది. 2002లో డేవిడ్ కార్‌కు పదకొండేళ్ల తమ్ముడు ఉన్నాడు, పేరు డెరిక్. కుటుంబం హ్యూస్టన్ పక్కన షుగర్‌ల్యాండ్‌కు మారింది. ఆ పిల్లవాడు కొన్నాళ్లు క్లెమెంట్స్ హైస్కూల్లో చదివాడు. షుగర్‌ల్యాండ్‌లో తెలుగు కుటుంబాలు తక్కువేమీ లేవు, ఆ బడి పేరు మనవాళ్లకు కొత్తది కాదు. ఆ తమ్ముడు 2014లో తానే ఎన్ఎఫ్ఎల్ క్వార్టర్‌బ్యాక్ అయ్యాడు. అన్న పరిచయంలో తమ్ముడి గురించి ఒక వాక్యం రాసినవారికి జోస్యుడనే పేరు వచ్చేది. అయినా సరే, నేను రాసి ఉండేవాణ్ని కాను.

ఒక నమూనా

2002 జులైలో, శిబిరం మొదలయ్యే ముందు, బోసెల్లి గురించి ఇలా రాయవచ్చు:

‘టోనీ బోసెల్లి, లెఫ్ట్ టాకిల్. ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్‌లో జట్టు తొలి ఎంపిక. జాక్సన్‌విల్‌లో ఏడు సీజన్లు ఉన్నాడు. జీతాల పరిమితి, భుజం గాయం కలిసి అతన్ని ఇక్కడికి చేర్చాయి. భుజం కుదుటపడితే కార్ వెనుక భాగం భద్రం. కుదుటపడకపోతే ఆ బరువు కొత్త కుర్రాళ్ల మీద పడుతుంది.’

ఇందులో పొగడ్త లేదు, భవిష్యవాణీ లేదు. ‘లీగ్‌లోనే గొప్ప రక్షణ కవచం హ్యూస్టన్ సొంతం’ అని రాసి ఉంటే రెండు నెలలకే అది ఎగతాళి అయ్యేది. గాయం ఉన్నప్పుడు ‘కుదుటపడితే’ లాంటి మాటకు కాస్త చోటివ్వాలి. బోసెల్లి 2003లో ఆట మానేశాడు. 2022లో ఈ ఆట దిగ్గజాలకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు, అదీ జాగ్వార్స్ ఆటగాడిగానే. పైన రాసిన వాక్యాల్లో ఒక్కటి కూడా కొట్టేయనక్కరలేదు చూడండి.

పేర్ల ఉచ్చారణ మాత్రం అక్షరాలు చూసి ఊహించకండి. మీడియా గైడులో పలికే తీరు ఇస్తారు, లేదా వ్యాఖ్యాతల నోట వినండి. ఒక పేరును ఒకసారి ఎలా రాశారో చివరిదాకా అలాగే రాయండి.

జాబితాలో అడుగున ఉన్నవారు

యాభై మూడో పరిచయానికి వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. ‘ప్రత్యామ్నాయ ఆటగాడు, కష్టపడతాడు’ అని రాసి లేచిపోవాలనిపిస్తుంది. అందుకని నేనైతే అడుగు నుంచి మొదలుపెడతాను. తారల గురించి అలసిపోయాక కూడా రాయవచ్చు, వారికి సమాచారం కొరత ఉండదు.

2002 సెప్టెంబరు 8, ఆదివారం రాత్రి. పైకప్పు తెరుచుకునే కొత్త స్టేడియంలో టెక్సన్స్ తొలి మ్యాచ్, ఎదురుగా అదే రాష్ట్రంలోని డాలస్ కౌబాయ్స్. ఆట మొదలైన కాసేపటికే కార్ 19 గజాల దూరానికి బంతి విసిరాడు. అందుకున్నవాడి పేరు బిల్లీ మిల్లర్. 1999లో డ్రాఫ్ట్ చివరిదైన ఏడో రౌండులో డెన్వర్ తీసుకుని, తర్వాత వదిలేసిన ఆటగాడు. టెక్సన్స్ చరిత్రలో మొట్టమొదటి టచ్‌డౌన్, అంటే బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి చేసే స్కోరు, అతనిదే. ఆ రాత్రి టెక్సన్స్ 19–10తో గెలిచింది. స్టేడియంలో వేలమంది ‘ఎవరితను?’ అంటూ చేతిలోని పుస్తకంలో పేజీలు తిప్పి ఉంటారు.