పాత కార్డ్‌లెస్ డ్రిల్ ఆగిపోయిందా? జబ్బు ఎక్కడుందో చూద్దాం

అటక మీద పడి ఉన్న 12 వోల్టుల డ్రిల్‌ను పాత ఇనుముకు వేసే ముందు ఒక్క పరీక్ష చేయండి. బ్యాటరీ ప్యాక్ తీసేసి, డ్రిల్ లోపలి ప్లస్, మైనస్ సరిచూసుకుని, బైక్ బ్యాటరీ నుంచి మందపాటి వైర్లతో కరెంటు ఇవ్వండి. మధ్యలో 20 ఆంపియర్ల ఫ్యూజ్ తప్పనిసరి. బిట్ బిగించకుండా ట్రిగ్గర్ మెల్లగా నొక్కినప్పుడు చక్ (బిట్‌ను పట్టుకునే భాగం) గిర్రున తిరిగితే మోటారు, స్విచ్ బాగున్నట్టే. ఇక చూడాల్సింది బ్యాటరీనే.

ఫుల్ చార్జ్ చూపిస్తుంది, నాలుగు స్క్రూలకే నీరసపడుతుంది

పాత డ్రిల్స్‌లో ఎక్కువగా నికెల్-కాడ్మియం సెల్సే ఉండేవి. ఒక్కోటి 1.2 వోల్టులు, పది వరుసగా కలిపితే 12. ఆ వరసలో ఒక్కటి బలహీనపడినా ప్యాకంతా కూలబడుతుంది. అది ముందే ఖాళీ అయిపోతుంది, మిగతా తొమ్మిదీ దాని గుండా కరెంటు తోస్తూనే ఉంటాయి. చివరికి దాని ప్లస్, మైనస్ తారుమారవుతాయి. ఆ దెబ్బ నుంచి సెల్ కోలుకోవడం కష్టం.

దాన్ని పట్టుకోవాలంటే ఊరికే వోల్టేజీ చూస్తే చాలదు. పని లేనప్పుడు చెడిపోయిన సెల్ కూడా 1.3 చూపించగలదు. ప్యాక్ విప్పి, బండి హెడ్‌లైట్ బల్బును దానికి కలిపి, అది వెలుగుతుండగా ఒక్కో సెల్‌నూ మల్టీమీటర్‌తో కొలవండి. బాగున్నవి 1.2 దగ్గర నిలబడతాయి, పాడైంది 1 కిందికి జారిపోతుంది.

దొరికిన ఆ ఒక్కటే మార్చాలని అందరికీ అనిపిస్తుంది. నా మాట విని పదీ మార్చండి. కొత్తదాని పక్కన తొమ్మిది ముసలివి పెడితే కొన్ని నెలల్లో మళ్లీ విప్పాల్సి వస్తుంది. సబ్-సి సైజు నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్స్, నికెల్ పట్టీలు ముందే అతికించి ఉన్నవి కొనండి. సెల్ మీదే నేరుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికి లోపలి సీలు పాడవుతుంది. పాత ప్యాక్‌లో సెల్‌కు ఆనించి చిన్న థర్మిస్టర్ ఉంటే, కొత్తవాటికీ అలాగే ఆనించండి. చార్జర్‌కు వేడి తెలిసేది దానివల్లే.

నికెల్ సెల్స్ బదులు లిథియం సెల్స్ వేశాం, ట్రిగ్గర్ నొక్కగానే ఆగిపోతోంది

డ్రిల్ బిగుసుకున్న క్షణంలో 20 ఆంపియర్లు దాటి లాగగలదు. ల్యాప్‌టాప్ నుంచి తీసిన సెల్స్ అంత ఇవ్వలేవు, అందుకే బీఎంఎస్ బోర్డు (లిథియం ప్యాక్‌ను కాపాడే చిన్న సర్క్యూట్) కరెంటు కట్ చేస్తుంది. సెల్, బోర్డు రెండూ 20 ఆంపియర్లకు తక్కువ కాకుండా తీసుకోండి. 18650 సైజు లిథియం సెల్ మీద సామర్థ్యం 9900 ఎంఏహెచ్ అని రాసి ఉంటే అది నకిలీ. అస్సలు కొనకండి.

పాత చార్జర్‌ను మాత్రం లిథియం ప్యాక్‌కు పెట్టకండి. సెల్‌కు 4.2 వోల్టుల దగ్గర ఆగాలని దానికి తెలియదు, మంటలు లేవొచ్చు. మూడు సెల్స్ వరుసకు 12.6 వోల్టుల లిథియం చార్జరే వాడండి.

లిథియం ప్యాక్‌ను చార్జర్ పట్టించుకోవట్లేదు

ఏళ్ల తరబడి వాడకపోతే సెల్ 2 వోల్టుల కిందికి పడిపోవచ్చు. ఇంకో బ్యాటరీతో తట్టి లేపే చిట్కాలు వద్దు. లోపల రాగి కరిగి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. మార్చేయండి.

తీసేసిన పాత సెల్స్‌ను చెత్తలో వేయకండి, కాడ్మియం విషం. కొసలకు టేపు చుట్టి ఈ-వేస్ట్ సేకరించేవాళ్లకు ఇవ్వండి.