కొత్తింట్లోకి వెళ్లేముందు కరెంటు, గ్యాస్: దరఖాస్తు విధానం

పాలు పొంగించే ముహూర్తం కుదిరాక అందరి ధ్యాసా పెయింట్లు, కర్టెన్ల మీదకు పోతుంది. మీటరు ఎవరి పేరున ఉందో, గ్యాస్ బండ ఎప్పుడొస్తుందో చివరి వారంలో గుర్తొచ్చి టెన్షన్ మొదలవుతుంది. హైదరాబాద్‌లో మొదటిసారి సొంత ఫ్లాట్‌లోకి వెళ్లేవారి కోసం ఇది రాస్తున్నాను.

ముందు కరెంటు పని చూసుకోండి. మీ పేరున ఉన్న కరెంటు బిల్లు గ్యాస్ ఏజెన్సీలో చిరునామా రుజువుగా పనికొస్తుంది.

పాత ఫ్లాట్ కొంటుంటే రిజిస్ట్రేషన్‌కు ముందే బిల్లు మీద ఉండే యూఎస్‌సీ నంబరు (ఆ కనెక్షన్‌కు ఇచ్చిన గుర్తింపు సంఖ్య) తీసుకుని బకాయి ఎంతుందో చూడండి. మేము చూడలేదు. గృహప్రవేశమైన నెలలో పాత బాకీతో కలిపి బిల్లు చేతికొచ్చింది. అప్పటికి అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశారు, మొత్తం మేమే కట్టాం. నిబంధనల్లో ఉంటే పాత బకాయిని కొత్త యజమాని నుంచి వసూలు చేయవచ్చని సుప్రీంకోర్టు కూడా 2023లో చెప్పింది. అందుకే బకాయి తీరిన రసీదు చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి. తాళాలు తీసుకునే రోజు మీటరు రీడింగ్ ఫోటో తీసి పెట్టుకోండి.

పేరు మార్పుకు హైదరాబాద్‌కు కరెంటు సరఫరా చేసే టీజీఎస్‌పీడీసీఎల్ సంస్థ వెబ్‌సైట్‌లో గానీ, వాళ్ల కస్టమర్ సర్వీస్ సెంటర్‌లో గానీ దరఖాస్తు చేయాలి. సేల్ డీడ్ కాపీ, ఆధార్, చివరి బిల్లు రసీదు, ఇండెమ్నిటీ బాండ్ (తర్వాత ఏదైనా వివాదమొస్తే నష్టం మేమే భరిస్తామని రాసిచ్చే పత్రం) దగ్గర పెట్టుకోండి. పాత యజమాని కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ మీ పేరుకు మారాలంటే ఆయన సమ్మతి కావాలి. ఆ సంతకం రిజిస్ట్రేషన్ రోజే పెట్టించుకోండి, తర్వాత ఆయన్ని పట్టుకోవడం కష్టం.

కొత్త మీటరైతే ఎన్ని కిలోవాట్ల లోడ్ కావాలో ఏసీ, గీజర్ లెక్క వేసుకునే రాయండి. 2024లో సవరించిన కేంద్ర నిబంధనల ప్రకారం, దరఖాస్తు అన్ని విధాలా సరిగా ఉంటే మహానగరాల్లో 3 రోజుల్లో, మిగతా మున్సిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15 రోజుల్లో కనెక్షన్ ఇవ్వాలి. కొత్త స్తంభాలో ట్రాన్స్‌ఫార్మరో వేయాల్సి వస్తే మాత్రం ఇంకా సమయం పడుతుంది. ఇల్లు కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక కనెక్షన్‌నే వాడుతుంటే గృహ కేటగిరీకి మార్పించుకోండి. లేదంటే ఎక్కువ రేటు పడుతుంది.

ఇక గ్యాస్. ఇప్పటికే కనెక్షన్ ఉండి అదే ఊళ్లో మారుతుంటే, బండ, రెగ్యులేటర్ మీతోనే తీసుకెళ్లి, పాత ఏజెన్సీ ద్వారా ట్రాన్స్‌ఫర్ చేయించుకుంటే చాలు. వేరే ఊరైతే రెండూ అప్పగించి, డిపాజిట్ వెనక్కి తీసుకుని, పాత కనెక్షన్ అప్పగించినట్టు ఏజెన్సీ ఇచ్చే టెర్మినేషన్ వోచర్ తప్పకుండా అడగండి. కొత్త ఊళ్లో ఏజెన్సీ అడిగేది ఆ కాగితమే.

అసలు కనెక్షనే లేకపోతే కేవైసీ ఫారం, ఆధార్, చిరునామా రుజువు ఇవ్వాలి. కరెంటు బిల్లు ఇంకా మీ పేరుకు మారకపోతే ఇంటి రిజిస్ట్రేషన్ కాగితం చూపించవచ్చు. 14.2 కిలోల బండకు డిపాజిట్ 2022 జూన్ నుంచి 2,200 రూపాయలు, రెగ్యులేటర్‌కు 250. గ్యాస్ ధర, పైపు ఖర్చు వేరే. స్టవ్ కూడా ఏజెన్సీలోనే కొనాలని పట్టుబడితే ఒప్పుకోకండి, అలాంటి నియమం లేదు. ఐఎస్‌ఐ గుర్తున్న స్టవ్ ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

బండ ఇంటికొచ్చినప్పుడు బరువు తూచమనండి, లీక్ చూడమనండి. పైన కడ్డీల లోపలివైపు రాసిన అక్షరం, అంకె కూడా చదవండి. సి-27 అంటే 2027 జులై-సెప్టెంబరులోగా ఆ బండకు మళ్లీ పరీక్ష జరగాలి. గడువు దాటినదాన్ని దించుకోవద్దు. నారింజ రంగు సురక్షా పైపును అయిదేళ్లకోసారి మార్చాలి.

కరెంటు ఫిర్యాదులకు 1912. గ్యాస్ వాసన వస్తే స్విచ్‌లు ముట్టుకోకుండా రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికి వచ్చాక 1906కు ఫోన్ చేయండి.