కమాండర్‌లో రాజకీయ డెక్, మూడో భాగం: నీ జోలికి ఎవరూ ఎందుకు రాకూడదు

కమాండర్ అంటే మ్యాజిక్: ది గ్యాదరింగ్ కార్డుల ఆటలో మామూలుగా నలుగురు ఆడే ఒక పద్ధతి, డెక్‌కి నాయకుడిగా ఉండే కార్డునీ కమాండర్ అనే అంటారు. పోయిన భాగంలో క్వీన్ మార్చేసాని కమాండర్‌గా ఖాయం చేసుకున్నాం కదా, అంటే ఎరుపు, తెలుపు, నలుపు, మిగతా 99 కార్డులు ఈ రంగులు దాటకూడదు. ఈసారి వాటిలో రాజకీయం నడిపే కార్డుల సంగతి.

రాజకీయ డెక్ అంటే తియ్యగా మాట్లాడి తప్పించుకోవడం అనుకుంటారు చాలామంది, కానీ టేబుల్ మీద ఇచ్చిన మాటని రూల్స్ ఏమీ కాపాడవు, వాడు మాట తప్పి నీ మీదకి ఎటాక్ చేస్తే చేసినట్టే. అందుకే అవతలివాడు తన స్వార్థం చూసుకున్నా సరే నిన్ను వదిలేసి పక్కవాడి మీద పడేలా నీ బోర్డు, అంటే టేబుల్ మీద నువ్వు దించిన కార్డులు, ఉండాలి.

మార్చేసానే చూడు. 4 మానాకి (కార్డు వెయ్యడానికి కట్టే శక్తి) దిగుతుంది, దిగగానే మోనార్క్ నువ్వే, అంటే కిరీటం నీది, నీ ప్రతి టర్న్ చివర ఒక కార్డు అదనంగా వస్తుంది. ఎవడి క్రీచర్ (పోరాడే జీవి కార్డు) అయినా నీకు కాంబాట్ డ్యామేజ్ (పోరాటంలో తగిలే దెబ్బ) ఇస్తే కిరీటం వాడికి పోతుంది. ఇక్కడే చాలామంది కంగారుపడి వెంటనే లాక్కోవాలని చూస్తారు, వద్దు! మార్చేసా బోర్డు మీద ఉండి, నీ అప్‌కీప్‌లో (టర్న్ మొదట్లో) కిరీటం వేరేవాడి దగ్గరుంటే నీకు 1/1 (దెబ్బ 1, ఓర్పు 1) అసాసిన్ టోకెన్, అంటే డెక్‌లో లేని అదనపు క్రీచర్, వస్తుంది, డెత్‌టచ్ (అది దెబ్బ కొట్టిన క్రీచర్ చస్తుంది), హేస్ట్ (వచ్చిన టర్న్‌లోనే ఎటాక్ చెయ్యొచ్చు) రెండూ ఉంటాయి దానికి. మిగతా ముగ్గురూ ఆ కార్డు కోసం ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటుంటే నీ దగ్గర అసాసిన్లు పోగవుతుంటారు, ఎంత పెద్ద క్రీచరైనా డెత్‌టచ్ ఉన్నదాని మీదకి రావాలంటే వెనకాడాల్సిందే.

దీనికి తోడు ఘోస్ట్లీ ప్రిజన్ తప్పనిసరి. నీ మీదకి వచ్చే ఒక్కో క్రీచర్‌కి 2 మానా కట్టాలి, పది టోకెన్లతో రావాలంటే 20, ఎవడు కడతాడు? నో మెర్సీ కూడా పెట్టుకో, నీకు దెబ్బ తగిలించిన క్రీచర్‌ని అది చంపేస్తుంది.

డిస్రప్ట్ డెకోరమ్ మాత్రం తొందరపడి వాడొద్దు. అది ప్రత్యర్థుల క్రీచర్లన్నిటినీ గోడ్ చేస్తుంది, అంటే నీ తర్వాతి టర్న్ దాకా అవి ఎటాక్ చేసి తీరాలి, అదీ వీలైనంతవరకు నీ మీద కాకుండా. అందరి బోర్డులూ నిండాక వేస్తే వాళ్ళలో వాళ్ళే చితక్కొట్టుకుంటారు, పైగా నీ టర్న్ వచ్చేసరికి ఆ క్రీచర్లు చాలావరకు ట్యాప్ అయి (వాడేసినట్టు పక్కకి తిప్పి) ఉంటాయి, బ్లాక్ చేసేవాళ్ళు తక్కువ, అప్పుడు నీ అసాసిన్లని పంపు.

ఇక బేరాలు. ఎప్పుడూ చిన్నవే చెయ్, గడువు పెట్టి చెయ్. "ఆ డ్రాగన్‌ని నేను తీసేస్తా, నీ వచ్చే టర్న్‌లో నా జోలికి రావద్దు" అని చెప్పి, అవతలివాడు ఒప్పుకున్నాక, ఒక క్రీచర్‌ని ఆటలోంచి తీసేసే స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ వెయ్యి, ఒక్క తెల్ల మానాతో పని అయిపోతుంది. "ఆట మొత్తం కలిసుందాం" అనే పొత్తు మాత్రం ఒప్పుకోకు, నాలుగో ఆటగాడు పోగానే అది నీకే అడ్డం తిరుగుతుంది. నువ్వు మాత్రం ఇచ్చిన మాట తప్పకు, రేపు కూడా ఆ ముగ్గురితోనే ఆడాలి.

ఒక చిక్కు ఉంది. ఇద్దరే మిగిలాక గోడ్ అయిన క్రీచర్లకి నువ్వు తప్ప వేరే దిక్కు ఉండదు, బేరం ఆడటానికీ ఎవరూ ఉండరు. ఆ ఒక్కడిని ఎలా ముగించాలో నాలుగో భాగంలో చూద్దాం, ఈలోపు నీ డెక్ తీసి, ఎదుటివాడు ఒక్కడే ఉంటే పనికిరాని కార్డులు ఎన్నో లెక్కపెట్టి రాసిపెట్టుకో.